సిగార్‌కి 92, 88 అని మార్కులు ఎలా వేస్తారు, ఆ నంబర్ చూసి కొనొచ్చా? వైజాగ్ నుంచి నా అనుభవం

మీరు అడిగింది రెండు ముక్కలు: ఈ నంబర్లు ఎలా వేస్తారు, కొత్తగా మొదలుపెట్టినవాళ్లు 92 వచ్చిందని చూసి అంత డబ్బు పెట్టి కొనొచ్చా అని. నేనేం ఎక్స్‌పర్ట్‌ని కాదండి, ఎంవీపీ కాలనీలో ఉంటా, నెలకి ఒకటి, మహా అయితే రెండు కాలుస్తా, కానీ ఆరేళ్లుగా కాల్చిన ప్రతిదానికీ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో మార్కులు రాసుకుంటున్నా. ఇప్పుడు వెనక్కి తిప్పి చూస్తే అందులో సగం సిగార్ల గురించి కాదు, వైజాగ్ గాలిలో చెమ్మ గురించే ఉంది, అదెందుకో కింద చెప్తా.

ముందు నంబర్ల సంగతి. 100 పాయింట్ల లెక్క వైన్ వాళ్ల దగ్గర్నుంచి వచ్చింది, సిగార్లలో దాన్ని అందరికీ అలవాటు చేసింది అమెరికాలో 1992లో మొదలైన సిగార్ అఫిషనాడో మ్యాగజైన్. వాళ్లు సిగార్ మీద ఉండే కంపెనీ పట్టీ పీకేసి, నంబర్ ఉన్న తెల్ల పట్టీ చుట్టి టేస్టర్లకి ఇస్తారు, ఎవరి సరుకో తెలీకుండా కాల్చాలని. చూడ్డానికి ఎలా ఉంది, ఎలా చుట్టారు అన్నదానికి 15, రుచికి 25, కాలే తీరుకి 25, మొత్తమ్మీద ఎలా అనిపించింది అన్నదానికి 35. 95, ఆపైన వస్తే క్లాసిక్, 90 నుంచి 94 అయితే చాలా గొప్పది, 80ల్లో ఉంటే బాగున్నట్టు, 70కి కిందైతే డబ్బు దండగ.

ఆ 35 చూశారా, మూడో వంతు పైన మార్కులు ఉత్త "నాకు నచ్చింది" అన్నదానికే. అదేం తప్పని కాదు, ఎవరి నోరు వాళ్లది, కాకపోతే 91 అనగానే ఏదో మీటర్ పెట్టి కొలిచినట్టు ఫీలవుతాం కదా, అది కాదు అంటున్నా. పైగా 80 కింద మార్కులు కనపడేదే తక్కువ, ఇంటర్ ప్రాక్టికల్స్‌లో అందరికీ 27, 28 పడ్డట్టు ఇక్కడా ఆటంతా 86కీ 94కీ మధ్యే. అందుకని 88 వచ్చినదాన్ని తీసిపారేసి 91 వెనక పరిగెత్తడం నాకైతే వేస్ట్ అనిపిస్తుంది.

ఇక చేత్తో చూసే పని. పైఆకు, అదే ర్యాపర్, ఈనెలు లావుగా పైకి తేలకుండా, చిరుగు లేకుండా, కొంచెం నూనె మెరుపుతో ఉండాలి. రెండు వేళ్లతో ఆ చివర్నుంచి ఈ చివరిదాకా మెల్లిగా నొక్కుతూ పోతే ఎక్కడా గట్టి గడ్డ గానీ మెత్తటి గుంట గానీ తగలకూడదు, గడ్డ ఉన్నచోట పొగ ఆగిపోతుంది, గుంట ఉన్నచోట గబగబా కాలి వేడెక్కిపోతుంది. తర్వాత తల, అంటే నోట్లో పెట్టుకునే చివర, కొంచెమే కోసి వెలిగించకుండానే ఒకసారి లాగి చూస్తారు. కొబ్బరిబొండంలో స్ట్రా వేసి లాగినంత తేలిగ్గా రావాలి, స్ట్రాకి లేతకొబ్బరి అడ్డం పడ్డట్టు బిగుసుకుంటే అక్కడే మార్కులు కట్.

వెలిగించాక నిప్పు గీత చుట్టూ సమంగా దిగాలి. ఒకపక్క కాలి ఇంకోపక్క మిగిలిపోయి దోనెలా గుల్లయ్యే సిగార్లు ఉంటాయి, దాన్ని కెనూయింగ్ అంటారు, కొంచెం అయితే లైటర్‌తో సర్దొచ్చు, నాలుగుసార్లు సర్దాల్సొస్తే సున్నా. నుసి అంగుళం దాకా రాలకుండా నిలబడితే లోపల పొడుగాకులు వాడారని ఒక గుర్తు. నుసి తెల్లగా ఉంటేనే మంచి సిగార్ అనేవాళ్లని మాత్రం నమ్మకండి, రంగు ఆకు పెరిగిన నేలలోని మెగ్నీషియం లాంటివాటి బట్టి వస్తుంది, క్వాలిటీకీ దానికీ లింకు లేదు. ఇంకోటి, ఆర్కే బీచ్‌లో కూర్చుని మార్కులు వేద్దామనుకోకండి, నేను మొదట్లో వేశా, ఆ సముద్రపు గాలికి ఏ సిగార్ అయినా ఒకపక్కే కాలుతుంది, అనవసరంగా మంచి సిగార్లకి 70లు వేసి కూర్చున్నా, పైగా పక్కన పిల్లలు మురీ మిక్స్‌చర్ తింటుంటే మన పొగంతా వాళ్ల మొహాన.

రుచి దగ్గరే అందరూ తడబడతారు. సిగార్‌ని మూడు వంతులుగా చూసి ఒక్కో వంతుకీ ఏం తగిలిందో రాసుకుంటారు, ఎందుకంటే కాలేకొద్దీ రుచి మారాలి, మారకపోతే బోర్ అని మార్కులు తగ్గిస్తారు. రోబస్టో అని 5 అంగుళాల సైజ్ ఉంటుంది, రింగ్ గేజ్ 50, అంటే అంగుళాన్ని 64 వంతులు చేస్తే అందులో 50 వంతుల లావు, తీరిగ్గా కాలిస్తే గంట దాకా వస్తుంది. పొగ ఊపిరితిత్తుల్లోకి తీసుకోరు, నోట్లో తిప్పి వదిలేస్తారు, మధ్యమధ్యలో కొంచెం ముక్కులోంచి వదుల్తారు, దాన్ని రెట్రోహేల్ అంటారు, అసలు వాసనలన్నీ అక్కడే దొరుకుతాయి, మొదటిసారి మాత్రం కళ్లలో నీళ్లు తిరుగుతాయి. నిమిషానికి ఒక దమ్ము చాలు, సిగరెట్ లాగినట్టు లాగితే వేడెక్కి చేదొచ్చేస్తుంది, అప్పుడు తప్పు మనదైనా మార్కులు మాత్రం సిగార్‌కి పోతాయి.

రివ్యూల్లో సెడార్ చెక్క, లెదర్, కోకో అని రాస్తుంటారు. నేనూ రెండేళ్లు అవే కాపీ కొట్టా, సెడార్ చెక్క నేను జన్మలో వాసన చూడలేదు కానీ పుస్తకం నిండా సెడారే. తర్వాత బుద్ధొచ్చి నాకు తెలిసిన వాసనలే రాయడం మొదలుపెట్టా, తాటిబెల్లం, దోరగా వేగిన జీడిపప్పు, మిరియాలు, అరకు కాఫీ అడుగు డికాషన్, తొలకరి మట్టి, పశువుల పాక (ఇది తిట్టు కాదండోయ్, కొన్ని సిగార్లకి నిజంగానే ఆ వాసన ఉంటుంది, బాగుంటుంది కూడా). అప్పట్నుంచి నా నోట్స్ నాకు పనికొస్తున్నాయి, "తాటిబెల్లం, మిరియం, 90" అని చూస్తే ఆ సాయంత్రం మొత్తం నోట్లోకి వస్తుంది.

ఇక చెమ్మ కథ. మా బావ మర్చంట్ నేవీ, ఇంజనీర్, ఒకసారి వస్తూ పది రోబస్టోల బాక్స్ తెచ్చాడు, బయట రేటింగ్ 92. ఆగస్టులో మొదటిది కాల్చా, మూడుసార్లు ఆరిపోయింది, లాగితే రాదు, వస్తే చేదు. 74 వేశా, "92 అంట, డబ్బులిచ్చి వేయించుకున్నారేమో" అని పక్కన రాశా కూడా. ఆ బాక్స్ ఎక్కడ పెట్టానంటే బీరువాలో బట్టల మధ్య. సిగార్‌కి 65 నుంచి 70 శాతం చెమ్మ ఉండాలి, మనకి వర్షాకాలంలో బయట 80 దాటేసి ఉంటుంది, ఆకు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, లోపల దారులు మూసుకుపోతాయి, తడి ఆకు సరిగ్గా కాలదు. అమెరికాలో చాలామంది చెమ్మ పెంచడానికి తిప్పలు పడతారు, మనకి రివర్స్. అదే బాక్స్ గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో 65 శాతం ప్యాకెట్ (లోపలి చెమ్మని 65 దగ్గర నిలబెట్టేది) పడేసి, చెమ్మ కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టి నాలుగు నెలలు మర్చిపోయా. డిసెంబర్లో తీసి కాలిస్తే అదే సిగార్‌కి 91 పడింది. అదే బాక్స్, అదే నోరు, 17 మార్కుల తేడా. ఆ రోజే పాత మార్కులన్నిటి పక్కనా ఇంటూ పెట్టేశా, ఇప్పుడు నెల, డబ్బాలో ఎన్ని శాతం, అంతకుముందు ఏం తిన్నా, ఈ మూడూ రాయకుండా నంబర్ వెయ్యను.

పురుగు సంగతి కూడా చెప్పాలి, పొగాకు పురుగు గుడ్లు ఆకులోనే ఉండొచ్చు, వేడి 25 డిగ్రీలు దాటితే పిల్లలవుతాయి, మన ఎండాకాలం సంగతి తెలిసిందే కదా. నాకు ఒక మే నెలలో నాలుగు సిగార్లకి గుండుసూదితో పొడిచినట్టు చిల్లులు పడ్డాయి. ఇప్పుడు కొత్తవి రాగానే రెండు కవర్లలో బిగించి మూడ్రోజులు ఫ్రీజర్లో, ఒక రోజు కింద ఫ్రిజ్‌లో పెట్టి అప్పుడు బయటికి తీస్తా, మా ఆవిడ చేపల పక్కన పెట్టొద్దని గొడవ.

మేం ముగ్గురం ఫ్రెండ్స్ ఒకసారి మ్యాగజైన్ వాళ్లలా పట్టీలు పీకేసి ఆట ఆడాం, లాసన్స్ బే దగ్గర ఒకడి డాబా మీద. అందులో ఒకటి పేరు మోసిన క్యూబా సిగార్, ఇంకోటి దాని రేటులో పావు వంతు కూడా లేని నికరాగువాది. ముగ్గురం క్యూబాదానికి 84, 85, 83 వేశాం, నికరాగువాదానికి 89, 90, 88. రెండు వారాల తర్వాత అదే క్యూబా సిగార్ పట్టీతో సహా ఇస్తే మావాడొకడు కళ్లు మూసుకుని "క్లాస్ రా, 93" అన్నాడు. వాణ్ణి ఇప్పటికీ 93 గాడనే పిలుస్తాం.

ఇంతా నేర్చుకున్నాక ఒకసారి భీమిలి దగ్గర మా ఊరెళ్లినప్పుడు మా మామ్మకి చూపించా. మామ్మ అడ్డపొగ మనిషి, మన ఉత్తరాంధ్ర పల్లెల్లో పాతకాలం ఆడవాళ్లు చాలామంది చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగేవారు కదా, అలా యాభై ఏళ్లు తాగింది, అంగిట్లో తెల్లమచ్చలొచ్చాయని డాక్టర్ భయపెడితే అప్పుడు మానింది. సిగార్ చేతిలోకి తీసుకుని "ఏట్రా ఇది, ఇంత లావుంది, దుంగా?" అంది. తర్వాత వేళ్లతో మెల్లిగా నొక్కింది, చెవి దగ్గర పెట్టుకుని తిప్పింది, ముక్కు దగ్గర పెట్టి ఒక్కసారి పీల్చింది. "ఆకు బాగా మాగింది, సుట్టినోడు పనోడు. కానీ నెమ్ము పట్టిందిరా, నెమ్ము పట్టిన సుట్టకి రుసేటి, ముందు కాల్తే కదా" అని వెనక్కిచ్చేసింది. ఆ రోజు దాన్ని షర్ట్ జేబులో పెట్టుకుని వానలో బండి మీద వెళ్లా. నేను హైగ్రోమీటర్ కొని తెలుసుకున్నది ఆవిడ వేళ్లతో చెప్పేసింది.

ఆరోగ్యం గురించి లెక్చర్ ఇవ్వను గానీ మామ్మ అంగిలి చూసినవాణ్ణి కాబట్టి ఒక్కమాట, పొగ మింగట్లేదు కదా, ఏం కాదులే అనుకోకండి, నోటికి జరిగేది జరుగుతుంది, పెద్ద సిగార్ ఒక్కదాన్లో ఒక ప్యాకెట్ సిగరెట్లంత పొగాకు ఉండొచ్చు. అలవాటు లేకపోతే మొదలుపెట్టకపోవడమే బెటర్. ఖాళీ కడుపుతో మాత్రం అస్సలు వద్దు, నాకు ఒకసారి చెమటలు పట్టి డాబా మీదే పడుకుండిపోయా, బెల్లం ముక్క తిన్నాక గానీ లేవలేదు.

మీరు కొందామనుకుంటున్న ఆ 92 సిగార్ సంగతికొస్తే, బాక్స్ వద్దు, రెండే కొనండి. డబ్బాలో 65 శాతం ప్యాకెట్‌తో రెండు నెలలు ఉంచండి. ఒకటి భోజనం చేశాక గాలి లేని చోట కూర్చుని కాల్చి మీకు తోచిన మార్కులు రాసుకోండి, ఇంకో నెలాగి రెండోది, మొదటిదానికి ఎంత వేశారో చూడకుండా. రెండు నంబర్లూ దగ్గర్లో ఉంటే అదీ మీ నంబర్. పదేసి మార్కులు తేడా వస్తే బయట రేటింగ్ సంగతి తర్వాత, ముందు మీ డబ్బా మూత సరిగ్గా పడుతోందో లేదో చూడండి.