డాబా ఎవరిదో తేలాకే గాలిమర

ప్రశ్న: మాది విశాఖపట్నం. బీచ్‌కు దగ్గర్లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, అన్నిటికన్నా పై ఫ్లాటు మాది. డాబా మీద ఒక కిలోవాట్ గాలిమర పెట్టి ఇంటికి కరెంటు తయారు చేసుకుందామనుకుంటున్నాను. కొన్నప్పుడు టెర్రస్ మీదేనని బిల్డర్ చెప్పారు. అసోసియేషన్ మాత్రం వద్దంటోంది. దీనికి లైసెన్సు కావాలా? మిగిలిన కరెంటును నెట్ మీటర్‌తో (ఇచ్చిన కరెంటు, తీసుకున్న కరెంటు రెండూ లెక్కగట్టే మీటర్) డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు ఇవ్వొచ్చా? సముద్రం వైపు ఖాళీ స్థలం ఉంది. రేపు అక్కడ బిల్డింగ్ లేచి గాలి ఆగిపోతే అడ్డుకోగలనా?

జవాబు: లైసెన్సు అక్కర్లేదు. సొంత వాడకానికి కరెంటు తయారు చేసుకునే వీలును విద్యుత్ చట్టం, 2003లోని 9వ సెక్షన్ ఎవరికైనా ఇచ్చింది. మీ చిక్కంతా డాబా దగ్గరే ఉంది.

ముందు బీరువాలోంచి సేల్ డీడ్ తీసి షెడ్యూల్ చదవండి. ఫ్లాటు కొలతలు, కారు పార్కింగు, స్థలంలో ఇన్ని గజాల అవిభాజ్య వాటా అని ఉంటుంది. టెర్రస్ ఊసే లేకపోతే బిల్డర్ నోటిమాటను పట్టుకుని కోర్టుకు వెళ్లలేరు. ఉన్నా అప్పుడే సంబరపడొద్దు. కింది ఫ్లాట్ల వాళ్ల డీడ్లలో అదే టెర్రస్‌ను కామన్ ఏరియాగా రాసి ఉంటే, అందరికీ రాసిచ్చినదాన్ని మీ ఒక్కరికి మళ్లీ రాసిచ్చే హక్కు ఆయనకెక్కడిది? ఉమ్మడి రాష్ట్రంలో 1987లో వచ్చిన అపార్ట్‌మెంట్ల చట్టం పైకప్పును ఉమ్మడి భాగంగానే చూస్తుంది. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టమైతే కామన్ ఏరియాల జాబితాలో టెర్రస్‌ను పేరు పెట్టి మరీ చేర్చింది. డాబా మీద వడియాలు పెట్టుకుంటే ఎవరూ అడగరు. స్లాబులోకి బోల్టులు దించి స్తంభం నిలబెడితే మాత్రం ఉమ్మడి ఆస్తిలో ఓ ముక్కను మీరు పట్టేసుకున్నట్టే. పని ఆపమనే కోర్టు ఉత్తర్వు (ఇంజంక్షన్) కోసం అసోసియేషన్ వెళ్తే మీరు ఓడిపోయే అవకాశమే ఎక్కువ.

కాబట్టి జనరల్ బాడీలో తీర్మానం చేయించుకోండి. వాట్సాప్ గ్రూపులో నలుగురు బొటనవేలు ఎత్తితే అది తీర్మానం కాదు, మినిట్స్ బుక్‌లో సంతకాలు పడాలి. స్తంభం ఎక్కడ, ఎంత ఎత్తు, స్లాబు కారితే ఎవరు బాగు చేయించాలి, తుఫాను హెచ్చరిక రాగానే యంత్రాన్ని ఎవరు దించాలి, ఇవన్నీ అందులో రాయించండి. మెట్ల మీది లైట్లు ఆ కరెంటుతోనే వెలిగిస్తానని చెప్పి చూడండి. సగం మంది అక్కడే మెత్తబడతారు.

స్లాబు ఆ బరువు, ఆ ఊపు తట్టుకుంటుందని స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. 2014 హుద్‌హుద్ తుఫాను సంగతి విశాఖవాళ్లకు నేను చెప్పాలా? నిర్లక్ష్యం వల్ల రెక్క ఊడి కింద ఎవరి ప్రాణమైనా పోతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు, నష్టపరిహారం దావా దానికి అదనం. చప్పుడుకూ పరిమితి ఉంది. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45. స్తంభం వణుకు స్లాబులోకి దిగుతుంది. ఆ స్లాబు కింద పడుకునేది మీరే, మర్చిపోకండి.

ఇక నెట్ మీటర్. 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు ‘రూఫ్‌టాప్ సోలార్ సహా’ పునరుత్పాదక విద్యుత్ యూనిట్ పెట్టుకునే హక్కు వినియోగదారుడికి ఉందంటాయి. ఆ ‘సహా’ అన్న మాటే మీకు ఆధారం. గాలి కూడా అందులోకి వస్తుందని వాదించవచ్చు. ఆచరణలో మాత్రం నెట్ మీటర్ ఏర్పాట్లన్నీ సోలార్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవే. కౌంటర్లో కుదరదంటే ఆ మాట కాగితం మీద అడగండి. అది పట్టుకుని డిస్కంలోని ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. గ్రిడ్‌కు కలిపితే లైన్‌లో కరెంటు పోగానే మీ యంత్రం దానంతటదే విడిపోయే ఏర్పాటు ఉండి తీరాలి, లేకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికొస్తుంది. బ్యాటరీతో విడిగా వాడుకుంటే ఈ తలనొప్పి చాలావరకు ఉండదు. కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ సోలార్‌కే. గాలిమరకూ వస్తుందని అమ్మేవాళ్లు చెబితే నమ్మకండి.

వాళ్లు చెప్పే ‘ఒక కిలోవాట్’ ఏ గాలి వేగానికో బిల్లు మీదే రాయించుకోండి. వేగం సగమైతే కరెంటు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. చెప్పింది రాకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు.

మీ చివరి ప్రశ్న నాకు బాగా నచ్చింది కానీ జవాబు మీకు నచ్చదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల (పక్కవారి స్థలం మీద ఉండే వాడుక హక్కుల) చట్టం ప్రకారం ఇంటి కిటికీకి 20 ఏళ్లు అడ్డూ ఆపూ లేకుండా గాలి, వెలుతురు వస్తే వాటి మీద హక్కు వస్తుంది. ఖాళీ జాగాకు వచ్చే గాలి మీద మాత్రం ఎన్నేళ్లు గడిచినా రాదు. డాబా మీది యంత్రానికి వీచే గాలి కూడా ఈ రెండోదాని కిందికే వస్తుందని నా అభిప్రాయం. ఇంగ్లండులో 1829లో కట్టిన గాలిమర పక్కన 1860లో ఒక బడి కట్టారు. గాలి తగ్గిందని మర యజమాని కోర్టుకెక్కి ఓడిపోయాడు. ఆ కేసు పేరు వెబ్ వర్సెస్ బర్డ్. అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) టౌన్ ప్లానింగ్‌ విభాగానికి వెళ్లి, ఆ ఖాళీ స్థలంలో ఎన్ని అంతస్తులకు ప్లాన్ మంజూరైందో కనుక్కోండి.