మేస్త్రీగారి జవాబులు: పెట్రోలు బంకుకి సెలవు చెప్పేద్దామా?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఎలక్ట్రిక్ కారు మీదే వచ్చాయండి. నాకున్నది పాలకొల్లులో గ్యారేజీ, షోరూము కాదు. ఎవరి కారూ అమ్మిపెట్టే పని లేదు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. కారు చవకైందని అందరూ అంటున్నారు గానీ, డోర్లు, సీట్లు, టైర్ల ధరలు ఏమీ తగ్గలేదు. చవకైంది బ్యాటరీ. అందుకే ఏ ఉత్తరానికి జవాబు రాసినా బండి చివరికి బ్యాటరీ దగ్గరే ఆగుతోంది.

ప్రశ్న: మాది అంబాజీపేట, కొబ్బరి వ్యాపారం. అమలాపురం, రావులపాలెం తిరగడం రోజుకి అరవై కిలోమీటర్లకి తగ్గదు. రెండు నెలలకోసారి హైదరాబాదులో అమ్మాయి దగ్గరికి వెళ్తాం. చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ తగ్గింది, ఇక ఎలక్ట్రిక్ కొనడం దండగ అంటున్నాడు మా బావమరిది. నిజమేనా? బ్యాటరీని అద్దెకిచ్చే పథకం ఉందట, అది లాభమా?

జవాబు: మీ బావమరిది చెప్పింది సగం నిజం. నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు కారు మీద పన్ను, సెస్సు కలిపి 29 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18కి దిగింది. ఎలక్ట్రిక్ మీద 2019 నుంచీ 5 శాతమే. పన్నులో ఎలక్ట్రిక్‌కి ఉన్న పైచేయి దాదాపు సగానికి పడిపోయినట్టు. ఒకే పేరుతో రెండూ వస్తున్న టాటా టియాగోనే తీసుకుంటే, పెట్రోలుదానికీ ఎలక్ట్రిక్‌దానికీ మధ్య సుమారు మూడు లక్షలు తేడా వేసుకోవచ్చు. ఆ మూడు లక్షలు మీకు ఎన్నేళ్లలో తిరిగొస్తాయో చూద్దాం.

అరవై చొప్పున నెలకి పాతిక రోజులంటే 1,500 కిలోమీటర్లు. మన రోడ్ల మీద ఏసీ వేసుకుని తిరిగితే పెట్రోలు కారు లీటరుకి 18 ఇస్తుందనుకోండి. 83 లీటర్లు కావాలి. లీటరు 110 లెక్కన వేసుకున్నా తొమ్మిది వేలు దాటింది. (యానాంలో తక్కువ కదా, అక్కడ కొట్టించుకుంటానంటారేమో. అంబాజీపేట నుంచి యానాం పోయి వచ్చేసరికి ఆ మిగిలింది కాస్తా అయిపోద్ది.)

ఎలక్ట్రిక్‌కి ఇంటి మీటరు దగ్గర కొలిస్తే యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు పెట్టుకోండి. కంపెనీ వాళ్లు ఎక్కువ చెప్తారు గానీ చార్జింగ్‌లో కొంత వేడిగా పోతుంది, ఏసీ కొంత తింటుంది. నెలకి 215 యూనిట్లు. ఇక్కడే చాలామంది తప్పులెక్క వేస్తారు. మీ ఇంట్లో ఇప్పటికే 250 యూనిట్లు కాలుతుంటే కారు యూనిట్లన్నీ పై శ్లాబుల్లోనే పడతాయి. 400 వరకు 8.75, అది దాటితే 9.75. సర్దుబాటు చార్జీలు కూడా కలిపి 2,300 వేద్దాం. అయినా నెలకి 6,800 మిగులుతోంది. నాలుగేళ్ల లోపే మూడు లక్షలూ రాబట్టేస్తారు. బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. మీరు ఎనిమిదేళ్లు ఇలాగే తిరిగినా లక్షా నలభై నాలుగు వేలే అవుతుంది. కొనండి.

ఇదే ఉత్తరం రోజుకి పదిహేను, ఇరవై కిలోమీటర్లు తిరిగేవాళ్లు రాసుంటే వద్దనేవాణ్ణి. వాళ్లకి ఆ డబ్బు పదేళ్లకి గానీ తిరిగిరాదు.

హైదరాబాదు మాత్రం ఈ చిన్న కార్లతో పెట్టుకోకండి. 24 యూనిట్ల బ్యాటరీ ఉన్న టియాగోకి వచ్చిన కొత్తలో 315 కిలోమీటర్లని కాగితం మీద ఉండేది. హైవే మీద ఏసీతో 180 నుంచి 200. నాలుగు వందల పైచిలుకు దూరానికి కనీసం రెండుసార్లు ఆగాలి, ఆగిన చోటల్లా గంట. అదీ చార్జరు పనిచేస్తూ, మన ముందు ఇంకో బండి లేకపోతే. రాజమండ్రిలో గౌతమి ఎక్కి పడుకోండి, తెల్లారేసరికి అమ్మాయి ఊళ్లో ఉంటారు.

బ్యాటరీ అద్దె పథకం గురించి కూడా అడిగారు, అంటే కారు మనది, బ్యాటరీ అద్దెది. 2024లో ఎంజీ వాళ్లు కామెట్ అనే చిన్న ఎలక్ట్రిక్ కారుకి అది పెట్టినప్పుడు కారు 4.99 లక్షలు, బ్యాటరీకి కిలోమీటరుకి రెండున్నర రూపాయలు అన్నారు. మీ తిరుగుడుకి నెలకి 3,750 అద్దె, కరెంటు వేరే. ఇంతింత తిరిగేవాళ్లకి అది లాభం కాదు. పైగా నెలకి కనీసం ఇన్ని కిలోమీటర్లకి కట్టాలన్న షరతు ఉందేమో అడగండి. పండగకి పది రోజులు బండి షెడ్డులో ఉన్నా మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర. రొయ్యల చెరువు గట్టు మీద, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లకి త్రీఫేజ్ కరెంటుంది, యూనిట్ రూపాయిన్నర. కారుకి అక్కడే ప్లగ్గు పెట్టుకుంటే ఊరికే తిరిగినట్టే కదా?

జవాబు: వద్దండి. ఆ రూపాయిన్నర రొయ్యకిచ్చిన రాయితీ. దానికి కారు తగిలించారని డిపార్ట్‌మెంటు వాళ్లు రాసుకుంటే జరిమానాతో పోదు, మొత్తం చెరువుకున్న రాయితీకే ఎసరు రావచ్చు. ఏరేటర్లు ఒక్కసారిగా అందుకున్నప్పుడు ఓల్టేజి ఎలా కుంగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. జనరేటరు మీదకి మారేటప్పుడు ఇంకా ఘోరం. కారు చార్జరు అలాంటివి చూస్తే పనాపేసి కూర్చుంటుంది. రాత్రి చెరువు నీళ్లలో ఆక్సిజన్ (డీవో) పడిపోయి మీరు గట్టుమీద పరుగులు పెడుతుంటే, తెల్లారి చూసుకుంటే కారులో ఇరవై శాతం. ఇంటి దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: పి.గన్నవరం దగ్గర లంకలో మా ఊరు. నేను టీచర్ని. వరదొస్తే మా వీధిలోకి నీళ్లొస్తాయి. నీళ్లలో ఎలక్ట్రిక్ కారు షాక్ కొడుతుందని మా అత్తగారు కొననివ్వడం లేదు.

జవాబు: అమ్మా, మీ అత్తగారి భయం తప్పు కాదు గానీ భయపడాల్సిన చోటు వేరే ఉంది. కారు లోపలి మూడొందల ఓల్టుల కరెంటుకి బాడీతో సంబంధం ఉండదు. ఎక్కడైనా లీకైనట్టు కనిపెడితే బండి తనంతట తనే బ్యాటరీని విడగొట్టేస్తుంది. బ్యాటరీ పెట్టెకి ఐపీ67 అని రాసుంటుంది, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి తడి రాకూడదని. వానకి రోడ్డు మీద నిలిచిన నీళ్లకి అది చాలు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మీ లంకల్లో బురదనీళ్లు అరగంటలో పోయాయా? రోజులు నిలిచాయి. అలాంటి వరదకి ఏ ఐపీ నంబరూ హామీ ఇవ్వదు.

కాబట్టి ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక వేయగానే చార్జింగ్ నిండుగా పెట్టుకోండి, ఎందుకంటే ఆ తర్వాత కరెంటు తీసేస్తారు. 13.75 దగ్గర రెండోది వేసేలోపు కారు ఏటిగట్టు అవతల, చుట్టాలింట్లో ఉండాలి. మునిగిపోతే మాత్రం స్టార్ట్ చేసి చూడొద్దు, చార్జింగ్ అసలు పెట్టొద్దు, ఇంటి గోడకి దూరంగా తోయించి కంపెనీకి ఫోన్ చేయండి. బీమా తీసుకునేటప్పుడు నీటి వల్ల బ్యాటరీకి జరిగే నష్టం వర్తిస్తుందో లేదో పాలసీలో చదివి సంతకం పెట్టండి.

నాకు నిజంగా భయమేసేది మీ ఇంటి ప్లగ్గు చూస్తే. మన పాత పెంకుటిళ్లలో ఎర్త్ ఉండదు, ఉన్నా ఎప్పుడో తెగిపోయి ఉంటుంది. వాషింగ్ మెషిన్‌కి పెట్టిన ప్లగ్గులోనే కారు తగిలిస్తారు. వాషింగ్ మెషిన్ గంట తిరుగుతుంది, కారు రాత్రి ఎనిమిది గంటలు ఆగకుండా లాగుతుంది. మొన్న ఒకరింట్లో చూశాను, సాకెట్టు బొక్కల చుట్టూ గోధుమరంగు తిరిగి, ప్లగ్గు పిన్ను సాకెట్టుకి అతుక్కుపోయి ఊడి రాలేదు. మీటరు బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, లోడు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీ స్విచ్చు ఒకటి, కరెంటు లీకైతే ఆపేసే ఆర్‌సీసీబీ ఒకటి, కొత్త ఎర్త్ గొయ్యి. ఇవి అయ్యాకే కారు ఇంటికి తెచ్చుకోండి. లోడు కూడా పెంచమని దరఖాస్తు పెట్టండి.

ప్రశ్న: తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. చైనాలో ఆరేడు లక్షలకే మంచి ఎలక్ట్రిక్ కార్లు అమ్ముతున్నారట. మన దాకా ఎందుకు రావు?

జవాబు: బీవైడీ అనే చైనా కంపెనీ చిన్న కారు సీగల్ గురించే కదా బాబూ. ఆ కంపెనీ 1995లో ఫోన్ బ్యాటరీలతో మొదలైంది, కార్లలోకి 2003లో దిగింది. కార్ల కంపెనీలన్నీ బ్యాటరీలు కొనుక్కుంటుంటే, బ్యాటరీ కంపెనీ కారు కట్టుకుంది. ధర తేడా చాలావరకు అక్కడుంది. 2010లో కిలోవాట్ అవర్, అంటే ఒక యూనిట్ పట్టే బ్యాటరీ, వెయ్యి డాలర్ల పైమాటే. ఇంధన రంగం లెక్కలు తీసే బ్లూమ్‌బర్గ్‌ఎన్ఈఎఫ్ సంస్థ లెక్క ప్రకారం 2024కి సగటు 115 డాలర్లకి దిగింది. పైన చెప్పిన 24 యూనిట్ల బ్యాటరీ అప్పట్లో ఒక్కటే పాతిక వేల డాలర్లయ్యేది, ఇప్పుడు మూడు వేల లోపు. కోబాల్టు, నికెల్ అక్కర్లేని ఐరన్ ఫాస్ఫేట్ రకం రావడం అందులో పెద్ద మలుపు.

సీగల్ 2023లో 73,800 యువాన్లకి వచ్చింది. 2025 మేలో 55,800కి తగ్గించారు, అప్పటి మన లెక్కలో ఆరున్నర లక్షలకి అటూఇటూ. ఆ తగ్గింపు ఎవరి జేబులోంచి వచ్చిందో కూడా చదువుకో. విడిభాగాలు సరఫరా చేసేవాళ్లకి నెలల తరబడి డబ్బులివ్వకుండా ఆపేవారు. అక్కడి ప్రభుత్వం గదమాయిస్తే 2025 జూన్‌లో పెద్ద కార్ల కంపెనీలు 60 రోజుల్లో చెల్లిస్తామని ఒప్పుకున్నాయి. మన దగ్గర కంపెనీ వాళ్లు స్పేర్ల సప్లయర్లని తిప్పించుకున్నట్టే.

ఇక్కడికి రాకపోవడానికి కారణం పన్ను, రాజకీయం. తయారైన కారు దిగుమతికి సుంకమే 70 శాతం. ఇక్కడే కడదామంటే, సరిహద్దు దేశాల పెట్టుబడికి 2020 నుంచి కేంద్రం అనుమతి తప్పనిసరి. హైదరాబాదు మేఘా కంపెనీతో కలిసి బీవైడీ వంద కోట్ల డాలర్ల ప్రతిపాదన పెడితే 2023లో ఒప్పుకోలేదని వార్తలొచ్చాయి. నేనైతే ఆ గోడ కొన్నాళ్లు ఉండటమే మంచిదంటాను, కానీ గోడ చాటున మనవాళ్లు బ్యాటరీ లోపల పేర్చే సెల్ తయారీ నేర్చుకోవాలి. కారు మన దగ్గర బిగించినా లోపలి సెల్లు చాలావరకు చైనా నుంచే వస్తోంది. లెడ్ బ్యాటరీలతో పేరు తెచ్చుకున్న మన తిరుపతి అమరరాజా వాళ్లు మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్లుల ఫ్యాక్టరీకి దిగారు. నువ్వు చదువయ్యాక తలుపు తట్టాల్సింది అలాంటి చోట.

ప్రశ్న: గురువుగారూ, తణుకులో గ్యారేజీలో పదేళ్లుగా పనిచేస్తున్నాను. సొంత షెడ్డు పెడదామని లోను అడిగాను. ఇంజినే లేని కార్లొస్తుంటే ఈ పని ఇంకా ఎన్నాళ్లు? ఇప్పుడే వదిలేసి వేరే దారి చూసుకోనా? ఎలక్ట్రిక్ పని నేర్చుకోవాలంటే కోర్సు ఎక్కడ చేయాలి?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీకు తీపి కబురు చెప్పి పంపించలేను.

మన గ్యారేజీ దేనిమీద బతుకుతోందో గల్లాపెట్టె తెరిచి చూడు. ఆయిలు మార్చడం, ఫిల్టర్లు, క్లచ్ ప్లేటు, టైమింగ్ చైను, ఇంజెక్టర్లు. ఇవన్నీ ఎలక్ట్రిక్ కారులో లేవు. మనకే కాదు, పిస్టన్లు, రింగులు, సైలెన్సర్లు చేసే కోయంబత్తూరు, పుణె, రాజ్‌కోట్ వర్క్‌షాపులకీ ఇదే గుబులు. జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ అంతటిది 2030 కల్లా 35,000 ఉద్యోగాలు తగ్గించుకుంటామని 2024 డిసెంబరులో యూనియన్లతో ఒప్పందం చేసుకుంది. కారు ధరలో దాదాపు మూడో వంతు బ్యాటరీదే అయినప్పుడు, డబ్బు ఇంజిన్ దగ్గర్నుంచి అటు పోతుంది. పనీ అటే పోతుంది.

కానీ రేపే పోదు. ఇప్పుడు రోడ్డు మీదున్న పెట్రోలు, డీజిలు బండ్లు ఇంకో పదిహేనేళ్లు ఎక్కడికీ వెళ్లవు. అవి పాతబడే కొద్దీ షోరూము మానేసి నీ దగ్గరికే వస్తాయి. ఎలక్ట్రిక్‌లోనూ బుష్‌లు, లింక్ రాడ్లు, అలైన్‌మెంటు, టైర్లు అలాగే ఉన్నాయి. బండి బరువు, ఒక్కసారిగా లాగే గుణం వల్ల టైర్లు ఇంకా ముందే అరుగుతాయి. బ్రేకుల సంగతి తమాషాగా ఉంటుంది. మోటారే బండిని ఆపేస్తుంటుంది కాబట్టి ప్యాడ్లు అరగవు, కానీ వాడక వాడక మన సముద్రపు గాలికి క్యాలిపర్ పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. నరసాపురం వైపు బండ్లకి ఏటా ఊడదీసి గ్రీజు పెట్టడమే ఒక పని. కోతల తర్వాత చేలల్లోంచి వచ్చే ఎలుకలకి పెట్రోలు వైరింగా, కరెంటు వైరింగా అన్న పట్టింపు లేదు.

ఒక సంగతి చెప్తాను. మా ఊళ్లో ఒకాయన ఎలక్ట్రిక్ కారు పొద్దున్నే చచ్చిపడింది. తాళం తీయదు, తెర వెలగదు. లక్షల బ్యాటరీ పోయిందేమో, లారీ మీద వేసి పంపమన్నారట ఫోన్లో. మీటరు పెట్టి చూస్తే ముందు బానెట్ కింద ఉండే మామూలు 12 ఓల్టుల బ్యాటరీ దిగిపోయింది. ఆ చిన్నది లేకపోతే పెద్ద బ్యాటరీ స్విచ్చులు కలవవు, బండి నిద్ర లేవదు. కొత్తది వేస్తే లేచి కూర్చుంది. ఇది చెప్పగలిగేవాడు తణుకులో ఎంతమంది ఉన్నారు?

లోను తీసుకో, కానీ అంతా ఇంజిన్ సామాన్ల మీద పోయకు. ముందు ఈ-ఆటోలు పట్టుకో. మన సెంటర్లలో అవి ఎక్కువవుతున్నాయి, ఎక్కువ వాటిలో ఓల్టేజి తక్కువ, చేయి తిరుగుతుంది. కారులో నారింజరంగు కేబులు, అంటే పెద్ద బ్యాటరీ ఓల్టేజి వైరు, కనపడితే మాత్రం, నేర్చుకోకుండా చెయ్యి వేయకు. పెద్ద బ్యాటరీని విడగొట్టే సర్వీసు ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది. వెయ్యి ఓల్టుల రబ్బరు గ్లవ్స్, ఎక్కువ ఓల్టేజిని భద్రంగా కొలిచే క్యాట్ 3 మల్టీమీటరు, ఈ రెండూ రెంచి సెట్టు కంటే ముందు కొను. కంపెనీలు బండిలో లోపం కనిపెట్టే స్కానర్లకి తాళాలేసి బయటి గ్యారేజీని దగ్గరికి రానివ్వట్లేదు, అది మన మీద జరుగుతున్న అన్యాయమే. దాని గురించి మన మెకానిక్ సంఘాల్లో గట్టిగా అడగాలి.

కోర్సు ఎక్కడ చేయాలని అడిగావు. ముందు మీ దగ్గరి ఐటీఐకి వెళ్లి ఎలక్ట్రిక్ వెహికల్ ట్రేడు ఉందో కనుక్కో. ప్రైవేటు వాళ్లకి ఫీజు కట్టేముందు, వాళ్ల దగ్గర విప్పి చూపించే బండి నిజంగా ఉందో లేదో కళ్లారా చూడు. ప్రొజెక్టర్ మీద బొమ్మలు చూపించి సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్లైతే లేచి వచ్చెయ్.