తప్పని తేలిన పరమాణు మోడల్స్ అన్నీ ఎందుకు చదవాలి?

పర్లాకిమిడిలో ప్లస్ టూ మొదటి సంవత్సరం చదువుతున్న తమ్ముడు అడిగింది ఇదీ: "డాల్టన్, థామ్సన్, రూథర్‌ఫర్డ్, బోర్ అని వరసపెట్టి మోడల్స్ చెప్తారు. ఒక్కోటీ తప్పని మళ్లీ వాళ్లే చెప్తారు. ఆ చివరిది ఒక్కటీ చెప్పేస్తే పోదా? పరీక్షలో అన్నీ కలగాపులగం అయిపోతున్నాయి."

నేను బరంపురంలో ప్లస్ టూ పిల్లలకి ఫిజిక్స్, కెమిస్ట్రీ ట్యూషన్ చెప్తాను. మా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామందికి ఇంట్లో తెలుగు, బయట ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. ఈ పాఠం దగ్గర ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇదే మాట అడుగుతారు. ఎవరూ అడక్కపోతే వింటున్నారా, నిద్రపోతున్నారా అని నాకే అనుమానం వస్తుంది.

తమ్ముడూ, నువ్వు బొమ్మలు బట్టీ పడుతున్నావు, అందుకే కలిసిపోతున్నాయి. బొమ్మ పక్కన పెట్టి, ఆ బొమ్మ గీయడానికి కారణమైన కొలత ఏమిటో పట్టుకో. ఒక్కో మోడల్ వెనక ఎవరో ఒకరు ప్రయోగశాలలో కూర్చుని కొలిచిన అంకె ఒకటి ఉంటుంది. పాత మోడల్ ఆ అంకె దగ్గర చేతులెత్తేస్తుంది. మోడల్ పోయినా ఆ అంకె పోదు, తర్వాత వచ్చేవాడు దాన్ని మోసుకునే ముందుకు వెళ్లాలి.

డాల్టన్‌ది తేలిక. 12 గ్రాముల కార్బన్‌తో 16 గ్రాముల ఆక్సిజన్ కలిస్తే ఒక వాయువు, 32 గ్రాములు కలిస్తే ఇంకో వాయువు. మధ్యలో 21 గ్రాములో, 27 గ్రాములో కలిసి మూడో వాయువు రాదు. 16కి 32 సరిగ్గా రెట్టింపు. పదార్థం లెక్కపెట్టగలిగే ముక్కలుగా ఉంటే తప్ప ఇలా జరగదు. 1808లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఉన్న అసలు బలం ఇదే. పరమాణువు లోపల ఏముందని ఆయన్ని అప్పుడు ఎవరూ అడగలేదు, అడగడానికి ఆధారమూ లేదు. పరమాణువును విడగొట్టలేం, ఒక మూలకం పరమాణువులన్నీ ఒకే బరువు అన్న రెండు మాటలూ తర్వాత నిలబడలేదు. కానీ నువ్వు ఈ రోజు చేసే మోల్ లెక్కలన్నీ డాల్టన్ సొమ్మే.

థామ్సన్ దగ్గర పిల్లలు నవ్వుతారు. పుచ్చకాయ, అందులో గింజలు అని బొమ్మ ఉంటుంది కదా, అందుకని. ఆయన కొలిచింది చూస్తే నవ్వు రాదు. 1897లో కేంబ్రిడ్జిలో కాథోడ్ కిరణాలను (గాలి దాదాపు తీసేసిన గాజు గొట్టంలో కరెంటు పంపితే ఋణ పలక నుంచి వచ్చేవి) విద్యుత్ క్షేత్రంతో ఒకసారి, అయస్కాంత క్షేత్రంతో ఒకసారి వంచి, ఆ కణానికి ఆవేశం, ద్రవ్యరాశి నిష్పత్తి ఎంతో లెక్కగట్టాడు. గొట్టంలో వాయువు మార్చినా, లోపలి లోహం మార్చినా అంకె మారలేదు. పైగా అది హైడ్రోజన్ అయాన్‌కి ఉన్న నిష్పత్తి కంటే వెయ్యి రెట్లు పైమాటే. అంటే అన్ని పరమాణువుల్లోనూ ఉండే ఒకే రకం తేలికైన ముక్క. అదే ఎలక్ట్రాన్. మరి ఋణావేశం లోపల ఉంటే, దాన్ని సరిచేసే ధనావేశం ఎక్కడుంది? చూపించే ప్రయోగం అప్పటికి లేదు. కాబట్టి 1904లో దాన్ని ఒక గోళమంతా పరిచేశాడు, అందులో ఎలక్ట్రాన్లను వలయాలుగా నిలబెట్టి ఎన్ని ఎలక్ట్రాన్లయితే స్థిరంగా ఉంటాయో లెక్కలు వేశాడు. ఆ లెక్కలతో మూలకాల లక్షణాలు మళ్లీ మళ్లీ ఎందుకు వస్తాయో చెప్పాలన్నది ఆయన ప్రయత్నం. మన పుస్తకాల్లో ఈ భాగం ఎగరగొట్టి పుచ్చకాయ ఒక్కటే ఉంచారు. అదే ఏడాది జపాన్‌లో నగవోకా మధ్యలో బరువైన ధనావేశం, చుట్టూ శనిగ్రహానికున్నట్టు ఎలక్ట్రాన్ల వలయాలు అని ఊహించాడు. బొమ్మగా చూస్తే అదే నిజానికి దగ్గర. కానీ దాని వెనక కొలత లేదు, అందుకే నిలబడలేదు.

ఇక రూథర్‌ఫర్డ్. ఇక్కడ మాత్రం నేను క్లాసులో తొందరపడను, సిలబస్ వెనకబడినా సరే.

మొదట ఆల్ఫా కణం సంగతి. మనకిది దూరపు విషయమేమీ కాదు. ఛత్రపూర్ దగ్గర సముద్రపు ఇసుకలోంచి ఖనిజాలు వేరుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ వాళ్ల ఓస్కామ్ ప్లాంటు తెలుసు కదా. ఆ ఇసుకలో ఇల్మనైట్, జిర్కాన్‌లతో పాటు మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది, అందులో థోరియం ఉంటుంది. థోరియం తనంతట తానే ఆల్ఫా కణాలను విసురుతూ ఉంటుంది. అదీ ఎంత నెమ్మదిగా అంటే, ఉన్నదాంట్లో సగం తరగడానికి సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు పడుతుంది. రూథర్‌ఫర్డ్ కెనడాలో ఉన్న రోజుల్లో చేసిన పెద్ద పనుల్లో కొన్ని ఈ థోరియం మీదే. తర్వాత మాంచెస్టర్‌లో, ఆల్ఫా కణం అంటే హీలియమేనని రాయ్డ్స్ అనే సహచరుడితో కలిసి తేల్చాడు. ఆ హీలియం జాడ మొదట దొరికింది సూర్యుడి వెలుగులో. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణాన్ని జాన్సెన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త మన గుంటూరు నుంచే చూశాడు. సూర్యుడి అంచున ఎగసే మంటల కాంతిలో విడివిడి మెరుపు గీతలు గమనించాడు. వాటిలోని పసుపు గీత తెలిసిన ఏ మూలకానిదీ కాదని కొంతకాలానికి లాక్యర్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త అన్నాడు. సరే, దారి తప్పాను.

1909లో మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేసే గైగర్, మార్స్‌డెన్ ఇద్దరూ ఈ ఆల్ఫా కణాలను పల్చటి లోహపు రేకుల మీదికి వదిలారు. మార్స్‌డెన్ అప్పటికి ఇంకా డిగ్రీ కుర్రాడే. ముందు చీకటి గదిలో కూర్చుని కళ్లు అలవాటు చేసుకోవాలి. తర్వాత మైక్రోస్కోప్‌లో జింక్ సల్ఫైడ్ తెర చూస్తూ, కణం తగిలినప్పుడల్లా వచ్చే చిన్న మెరుపును ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. యంత్రం లెక్కపెట్టదు, మనిషే లెక్కపెట్టాలి. దాదాపు 0.0004 మిల్లీమీటర్ల మందం ఉన్న బంగారు రేకులో, 20,000 కణాల్లో ఒకటి చొప్పున సగటున 90 డిగ్రీలు తిరిగింది.

పిల్లలు ఇక్కడ "చాలా కణాలు నేరుగా పోయాయి, కొన్ని వెనక్కి వచ్చాయి" అని రాసేసి పక్క ప్రశ్నకి వెళ్లిపోతారు. ఆగి లెక్క చూడాలి. ఆల్ఫా కణం ఎలక్ట్రాన్ కంటే సుమారు 7,300 రెట్లు బరువు. ఎలక్ట్రాన్ దాన్ని తిప్పడం జరిగే పని కాదు. ధనావేశం థామ్సన్ చెప్పినట్టు పరమాణువంతా పరుచుకుని ఉంటే, అది ఇచ్చే తోపు ఒక డిగ్రీలో నూరో వంతు దగ్గరే ఆగిపోతుంది. వేల పరమాణువులు దాటినా ఆ తోపులు ఒకటి అటు, ఒకటి ఇటు పడతాయి, అన్నీ కూడి 90 డిగ్రీలు కావు. కాబట్టి ఒకే ఒక్క ఢీలో అంత తిరగాలి. అలా తిరగాలంటే ఆవేశమంతా ఒక్కచోట, కణం దానికి దాదాపు 3×10⁻¹⁴ మీటర్ల దాకా దగ్గరికి వెళ్లగలిగేంత చిన్న చోట కుదించుకుని ఉండాలి. పరమాణువు మొత్తం 10⁻¹⁰ మీటర్ల మేర ఉంటుంది. మధ్యలో ఉన్న ఆ చిన్న చోటునే కేంద్రకం అంటాం. బంగారం కేంద్రకాన్ని ఆవగింజంత చేసి బడి మైదానం మధ్యలో పెడితే, ఆ పరమాణువు అంచులు సుమారు 20 మీటర్ల దూరంలో ఉంటాయి.

ఇంకో సంగతి నాకు భలే ఇష్టం. 1911 పేపర్లో రూథర్‌ఫర్డ్ మధ్యలో ఉన్నది ధనావేశమా, ఋణావేశమా అన్నది తేల్చలేదు. తన లెక్కకి రెండూ ఒకటేనని రాశాడు. తెలిసినంతవరకే చెప్పి ఆగాడు. నీ పుస్తకంలో ఉండే ఎలక్ట్రాన్లు గిరగిరా తిరిగే బొమ్మ కూడా ఆ ప్రయోగం చూపించింది కాదు. ఆ ప్రయోగం ఎలక్ట్రాన్ల గురించి దాదాపు ఏమీ చెప్పలేదు.

ఎలక్ట్రాన్ల సంగతి చెప్పింది కాంతి. ఇది చేత్తో చూపించొచ్చు. పాత సీడీ ఒకటి తీసుకో. మామూలు ఫిలమెంట్ బల్బు వెలుగు దానిమీద ఏటవాలుగా పడేలా పట్టుకుంటే ఎరుపు నుంచి ఊదా దాకా రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి. అదే సీఎఫ్ఎల్ కింద పట్టుకుంటే రంగులు విడివిడి పట్టీలుగా కనిపిస్తాయి, మధ్యలో చీకటి. ఎల్ఈడీలు వచ్చాక ఈ సరదా పోయింది. అందుకే నా దగ్గర ఒక పాత సీఎఫ్ఎల్ దాచి ఉంచాను, దాని పని ఏడాదికి ఈ ఒక్క పాఠమే. సీడీ దొరకకపోతే వంటింట్లో గ్యాస్ మంట మీద చిటికెడు ఉప్పు చల్లి చూడు. హుమా మడుల ఉప్పైనా, ప్యాకెట్ ఉప్పైనా మంట అదే పసుపు, సోడియం 589 నానోమీటర్ల దగ్గర ఇచ్చే వెలుగు. వేరే రంగు ఇవ్వమంటే ఇవ్వదు.

రూథర్‌ఫర్డ్ పరమాణువుతో ఇక్కడ రెండు గొడవలు. తిరిగే ఎలక్ట్రాన్ వేగం దిశ మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి వెలుగు వదలాలి, శక్తి పోగొట్టుకోవాలి, సెకనులో దాదాపు పదివేల కోట్ల వంతులో కేంద్రకంలో పడిపోవాలి. పడుతూ పడుతూ అన్ని రంగులూ ఇవ్వాలి. జరిగేది రెండూ కాదు.

హైడ్రోజన్ ఇచ్చే గీతల్లో కంటికి కనిపించేవి 656, 486, 434, 410 నానోమీటర్లు. వీటికి సూత్రం కనిపెట్టినది 1885లో బాల్మర్, స్విట్జర్లాండ్‌లో బడిపంతులు. (మా వృత్తివాడు కాబట్టి ఈ పేరు నేను కాస్త గట్టిగా పలుకుతాను.) సూత్రం సరిపోయింది, ఎందుకు సరిపోయిందో మాత్రం ఇరవై ఏడెనిమిదేళ్లపాటు ఎవరికీ తెలియలేదు. 1913లో బోర్ కారణం చెప్పాడు. ఎలక్ట్రాన్‌కి కొన్ని శక్తి స్థాయిలే అనుమతి, అక్కడ ఉన్నంతసేపూ వెలుగు వదలదు, స్థాయి మారితేనే వదులుతుంది. నువ్వే చెయ్యి: మూడో స్థాయి నుంచి రెండో స్థాయికి దిగితే, హైడ్రోజన్ మొదటి స్థాయి శక్తి అంకె 13.6ని (1/4 − 1/9)తో గుణించు, 1.89 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తుంది. 1240ని దాంతో భాగించు (ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉన్న శక్తిని నానోమీటర్లలోకి మార్చే అంకె అది). 656. నాలుగు నుంచి రెండుకి చేస్తే 486. క్లాసులో ఈ అంకె క్యాలిక్యులేటర్ మీద కనిపించినప్పుడు వెనక బెంచీ కూడా ఒకసారి తలెత్తి చూస్తుంది. పైగా ఆ 13.6 ఎక్కడినుంచో తెచ్చి పెట్టింది కాదు. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి, ఆవేశం, ప్లాంక్ స్థిరాంకం లాంటి ముందే కొలిచి ఉన్న అంకెల నుంచే వస్తుంది.

రెండు ఎలక్ట్రాన్లున్న హీలియం దగ్గరే బోర్ లెక్క తప్పింది. గీతల్లో ఏది ఎంత కాంతివంతమో చెప్పలేకపోయింది. ఎలక్ట్రాన్‌కి తరంగ గుణం ఉండాలని 1924లో డి బ్రోలీ అన్నాడు, 1926లో ష్రోడింగర్ ఆ తరంగానికి సమీకరణం రాశాడు, అది ఎలక్ట్రాన్ ఎక్కడ దొరికే అవకాశం ఎంతో చెప్తుందని అదే ఏడాది మాక్స్ బోర్న్ అన్నాడు. నికెల్ స్ఫటికం మీద ఎలక్ట్రాన్లు తరంగాల్లా చెదరడం 1927లో డేవిసన్, జెర్మర్ చూశారు. నువ్వు గీసే s, p, d ఆర్బిటాల్స్, అంటే ఎలక్ట్రాన్ దొరికే అవకాశం ఎక్కువున్న చోట్ల బొమ్మలు, అక్కడివే. ఇక నువ్వడిగిన "చివరి మోడల్" ఇదే అనుకుంటే, దాంట్లో కాగితం మీద పూర్తిగా లెక్క తేలేది హైడ్రోజన్ లాంటి ఒక్క ఎలక్ట్రాన్ వాటికే. మిగతా పరమాణువులన్నిటికీ కంప్యూటర్‌తో దగ్గరి విలువలు రాబట్టడమే. దీన్ని మొదటి రోజే బోర్డు మీద రాస్తే ప్లస్ టూలో ఎవరికీ ఒక్క ముక్క ఎక్కదు. రాసి చూసిన మాస్టార్లు ఉన్నారు, వాళ్ల క్లాసు నుంచి పిల్లలు మా ట్యూషన్‌కి వస్తారు.

కేంద్రకం లోపలి కథ వేరే దారి. పరమాణు సంఖ్యకి ఎక్స్‌రేలతో అర్థం చెప్పిన మోస్లీ 1913లో మొదలుపెట్టి, 1915లో గల్లిపోలీ యుద్ధంలో 27 ఏళ్లకే పోయాడు. కేంద్రకంలో ఆవేశం లేని కణం న్యూట్రాన్‌ని చాడ్విక్ 1932లో గానీ పట్టుకోలేదు. ఈ రెండూ విడిగా చదువుకో, ఎలక్ట్రాన్ల మోడల్స్ వరసలో ఇరికించకు. కలగాపులగం సగం అక్కడే మొదలవుతుంది.

పరీక్ష మాటకొస్తే, రూథర్‌ఫర్డ్ మోడల్ లోపాలు రాయమన్నప్పుడు చాలామంది ఎలక్ట్రాన్ పడిపోవడం ఒక్కటే రాసి వదిలేస్తారు. గీతల వర్ణపటాన్ని వివరించలేకపోవడం కూడా రాయి. బోర్ మోడల్‌నీ ఆర్బిటాల్‌నీ పోల్చమంటే "కక్ష్య గుండ్రం, ఆర్బిటాల్ మబ్బు" అని పైపైన రాయకు. హైడ్రోజన్ మొదటి స్థాయిలో కోణీయ ద్రవ్యవేగం బోర్ లెక్కలో h/2π (h అంటే ప్లాంక్ స్థిరాంకం), 1s ఆర్బిటాల్‌లో కక్ష్య వల్ల వచ్చేది సున్నా. ఈ ఒక్క వాక్యం రాస్తే, దిద్దేవాళ్లకి నువ్వు తేడా తెలిసి రాశావని అర్థమవుతుంది.