వర్ణాంతరమా, కులాంతరమా?

సందేహం: మా అమ్మాయి వేరే కులం అబ్బాయిని పెళ్లి చేసుకుంది. మా పెద్దనాన్నగారు దీన్ని ‘వర్ణాంతర వివాహం’ అంటారు. మా అల్లుడు ‘కులాంతర’ అనాలంటాడు. పాత పత్రికల్లో మొదటి మాట, ఇప్పటి ప్రభుత్వ కాగితాల్లో రెండోది కనిపిస్తున్నాయి. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, వరంగల్

సమాధానం: రెండూ ఒకటి కావమ్మా. మీ అల్లుడుగారి మాటే సరైనది.

ముందు ‘అంతర’ సంగతి. దేశాంతరం అంటే మరో దేశం, జన్మాంతరం అంటే మరో జన్మ. అలాగే కులాంతర వివాహం అంటే మరో కులంతో చేసుకున్న పెళ్లి. కొందరు ‘అంతర్‌కుల వివాహం’ అని రాస్తున్నారు కానీ, అది వద్దు. అంతర్గతం, అంతర్ముఖం అన్న మాటల్లోలాగా ‘అంతర్’ ముందుంటే ‘లోపల’ అనే అర్థం కూడా తీసుకోవచ్చు. అలా తీసుకుంటే చెప్పదలచుకున్నదానికి అది సరిగ్గా వ్యతిరేకం.

ఇక వర్ణం. శాస్త్రాలు చెప్పినవి నాలుగే. కులాలు వందల్లో ఉన్నాయి. ఒక్క తెలంగాణ షెడ్యూల్డ్ కులాల జాబితాలోనే 59 ఉన్నాయి. కుమ్మరి ఇంటి అమ్మాయిని గౌడుల ఇంటి అబ్బాయి చేసుకున్నాడనుకోండి. పాత శాస్త్రం లెక్కలో ఇద్దరిదీ ఒకటే వర్ణం, కాబట్టి అది వర్ణాంతరం కానే కాదు. కానీ ఊళ్లో ఆ పెళ్లికి ఎంత గొడవ జరుగుతుందో మనకు తెలుసు. ఒకే కులంలోని శాఖల మధ్య, అంటే బ్రాహ్మణుల్లో నియోగి, వైదికి సంబంధాన్ని మాత్రం ‘శాఖాంతరం’ అంటారు.

నాకు ఇంతకంటే బాధ కలిగించే చిక్కు మరొకటి ఉంది. మాల అబ్బాయి, మాదిగ అమ్మాయి పెళ్లి చేసుకుంటే దాన్ని ఏమనాలి? నాలుగు వర్ణాల లెక్క వాళ్లను బయటే నిలబెట్టి ‘పంచములు’ అంది. ‘వర్ణాంతరం’ అనే మాటలో వాళ్లిద్దరికీ చోటే లేదు. ‘పంచములు’ అన్న పేరు ఎంత గుచ్చుకుందో 1917లో బెజవాడలో తేలింది. దళిత ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన పంచమ మహాసభ ఆ పేరునే కాదని ‘ఆది ఆంధ్ర’ అని మార్చుకుంది. మాటలదేముంది అనేవాళ్లు ఆ సభను గుర్తు చేసుకోవాలి.

అలాగని మీ పెద్దనాన్నగారిని తప్పు పట్టకండి. వాళ్ల తరంలో సంస్కర్తలు కూడా ‘వర్ణాంతర’ అనే రాశారు, మంచి మనసుతోనే రాశారు. పైగా ఈ రెండు మాటలూ కలగలిసిపోవడం కొత్త కాదు. కాకతీయుల కాలపు శాసనాల్లో కొందరు నాయకులు ‘చతుర్థ కులం’ వాళ్లమని గర్వంగా చెప్పుకున్నారు. అక్కడ కులమంటే వర్ణమే. రఘుకులంలో అది వంశం. గురుకులంలో గురువుగారి ఇల్లు. సంస్కృతంలో గుంపు, ఇల్లు, వంశం అని ఇన్ని అర్థాలున్న మాట మన వాడుకలో పుట్టుకతో వచ్చే ఒక్క ముద్రకు కుదించుకుపోయింది. ‘కూటికి పేదైతే కులానికి పేదా’ అనే సామెతలో ఉన్నది ఈ అర్థమే.

కన్నడ, తమిళ, హిందీ భాషల వాళ్లు కులాన్ని ‘జాతి’ అంటారు. మనకు జాతి అంటే జాతీయ జెండాలోని జాతి. అందుకే హిందీలో ‘అనుసూచిత్ జాతి’ అన్నది తెలుగులో ‘షెడ్యూల్డ్ కులాలు’ అయింది. రాజ్యాంగం 15వ అధికరణం తెలుగు పాఠంలోనూ జాతి, కులం వేర్వేరుగానే ఉంటాయి. కాబట్టి ‘జాత్యంతర వివాహం’ అన్నా పొరపాటే. విదేశీయుణ్ణి చేసుకుందనుకుంటారు.

ప్రభుత్వ ప్రోత్సాహకానికి దరఖాస్తు పెట్టేటట్లయితే ‘కులాంతర వివాహం’ అనే రాయండి. శుభలేఖలో అయితే ఏ మాటా అక్కర్లేదు, వధూవరుల పేర్లు చాలు. మీ పిల్లలకు నా ఆశీస్సులు.