వేసవిలో గ్రూపుతో కలిసి తీరం వెంబడి కొండలు ఎక్కాలంటే ఎలాంటి బూట్లు కొనాలి?

కాలికి పట్టేవి, మడమ దగ్గర ఒరుసుకోనివి ఏవైనా చాలండీ. కొత్తవైతే ముందే కొన్నాళ్ళు తొడుక్కుని తిరగండి. అసలు ఇలాంటి నడకల్లో మనిషిని పడగొట్టేది గ్రూపు నడిచే పద్ధతే. కళ్ళారా చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

ఒకసారి మా గ్రూపులో ఒకావిడ మొదటి కొండ నుంచే బాగా వెనకబడింది. నేను ఆవిడకు తోడుగా నడిచాను. ముందువాళ్ళు ప్రతి కొండ మీదా కూర్చుని, నీళ్ళు తాగి, ఫోటోలు దిగేవాళ్ళు. మేం రొప్పుతూ చేరగానే "అందరూ వచ్చేశారుగా, పదండి" అని లేచేవాళ్ళు. అంటే బాగా అలసిన మనిషికే విశ్రాంతి లేదు! మూడో కొండ దిగుతుండగా, అప్పటిదాకా కబుర్లు చెప్పిన ఆవిడ మాట్లాడటం మానేసింది. బ్యాగు జిప్పు తీయబోతే వేళ్ళు తడబడ్డాయి. ఒంట్లో ఎలా ఉందంటే పొంతన లేని జవాబు. కేకలేస్తే ముందువాళ్ళకు వినపడలేదు, ఎవరో బ్యాగుకు స్పీకర్ తగిలించి పాటలు పెట్టారు. పక్కన సముద్రం హోరుమంటుంటే పాటలెందుకండీ?

వేడిలో మనిషి తికమకగా మాట్లాడితే వడదెబ్బ అనే అనుకోవాలి. అప్పటికి శరీరం లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. అంబులెన్సుకు ఫోన్ చేసి, అది వచ్చేలోగా అక్కడే చల్లబరచాలి. రాయి నీడన పడుకోబెట్టి, ఉన్న నీళ్ళన్నీ మెడ మీద, చంకల్లో పోసి టోపీతో విసిరాను. స్పృహ సరిగా లేదు కాబట్టి నోట్లో మాత్రం పోయలేదు. ఆవిడ కోలుకుంది. కానీ మమ్మల్ని తీసుకెళ్ళిన లీడర్ "ఆవిడకు స్టామినా లేదు" అని తేల్చేశాడు. ఆ మాటకు నాకింకా ఒళ్ళు మండుతుంది.

సముద్రపు గాలి ఉంటుందిలే అని ధీమాగా ఉండకండి. అది సముద్రం వైపు వాలులోనే తగులుతుంది, కొండ వెనక పల్లంలోకి దిగితే ఆకు కదలదు. పైగా గాలిలో తేమ. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, అక్కడ అది ఆరదు, కారిపోతుంది. వేడికి శరీరం అలవాటు పడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఏసీ గదుల్లోంచి నేరుగా వచ్చినవాళ్ళను పరుగులు పెట్టిస్తే ఎలా?

"చిన్న కొండలే, 10 కిలోమీటర్లే" అనే లెక్క కూడా తప్పే. తీరంలో ప్రతి కొండా దిగి మళ్ళీ ఎక్కాలి. 150 మీటర్ల కొండలు ఐదుంటే 750 మీటర్ల ఎక్కుడు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఒకటుంది: సుమారుగా 5 కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. అలా చూస్తే మూడుంపావు గంటలు. ఇందులో ఎండా లేదు, విశ్రాంతీ లేదు.

నెమ్మదిగా నడిచేవాళ్ళను ముందు పెట్టాలి. చివరి మనిషి వచ్చి కూర్చున్నాకే విశ్రాంతి సమయం మొదలవ్వాలి. పేరు ఇచ్చేముందు లీడర్‌ని "అందరికంటే చివర ఎవరు నడుస్తారు?" అని అడగండి. ఫలానా వాళ్ళని వెంటనే చెప్పలేకపోతే ఆ గ్రూపుతో వెళ్ళకండి.