లైను మీద సంతకం పెట్టేముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ సీటీ స్కాన్ సెంటర్‌కి నెలకు వెయ్యి రూపాయల ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ సరిపోతుందా, లేక దానికి ఎన్నో రెట్లు అద్దె ఉండే లీజ్డ్ లైన్ (నీ ఒక్కడికే కేటాయించే లైను) పెట్టించాలా అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని రాస్తున్నాను. నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో నన్నూ ఈ ప్రశ్నే నిద్రపోనివ్వలేదు. అప్పుడు పేర్లు వేరు: మోడెమా, ఐఎస్‌డీఎన్నా, లీజ్డ్ లైనా అని.

2000లో నా దగ్గర రెండు ఫోన్ లైన్లు, రెండు మోడెములు ఉండేవి. పెట్టె మీద 56కె, అంటే సెకనుకు 56 కిలోబిట్లు, అని పెద్దక్షరాలు. ఆ 56 మనకు వచ్చేదానికే. మన దగ్గర్నుంచి వెళ్లేది 33.6 కిలోబిట్లు దాటదు. కంప్యూటర్ అంకెలను మోడెం చప్పుడుగా మార్చి రాగి తీగ మీద పంపితే, ఎక్స్ఛేంజిలో ఆ చప్పుడు మళ్లీ అంకెలయ్యేది. వేగం చాలావరకు ఆ మార్పిడిలోనే పోయేది. స్క్రీన్ మీద 44,000 కనబడితే ఆ పూట అదృష్టం. వాన పడి స్తంభం దగ్గర జాయింట్లో తడి చేరితే లైను గరగరమనేది, వేగం 28కి దిగేది. లోపల గదిలో ఎవరైనా పారలల్ ఫోన్ ఎత్తారంటే కట్. మళ్లీ డయల్, మళ్లీ ఆ కీచుమోత, మళ్లీ అర నిమిషం.

ఒక సాయంత్రం ఓ పెద్దాయన దుబాయ్‌లో ఉన్న కొడుక్కి సర్టిఫికెట్లు పంపాలని వచ్చాడు. ఎనిమిది పేజీలు స్కాన్ చేస్తే నాలుగు ఎంబీ అయింది. ఒక్కో పేజీ ఒక్కో మెయిల్‌గా పెట్టాను. లెక్క ప్రకారం ఇరవై నిమిషాల పని. మూడుసార్లు లైను తెగింది. కండువాతో మొహం తుడుచుకుంటూ ఆయన ఆ స్టూలు మీద రెండు గంటలు కూర్చున్నాడు. ఆయన దగ్గర డబ్బు తీసుకోవడానికి చెయ్యి రాలేదు.

ఆ తర్వాతే ఐఎస్‌డీఎన్ పెట్టించాను. తీగ అదే రాగి తీగ, కానీ ఈ కొస నుంచి ఆ కొస దాకా అంకెలు అంకెలుగానే వెళ్తాయి. 64 చొప్పున రెండు చానళ్లు, కలిపితే 128. రెండు మూడు సెకన్లలో కలిసేది. అయితే రెండు చానళ్లూ వాడితే రెండు కాల్స్ బిల్లు పడేది. ఆ బిల్లు చూసి 64 కిలోబిట్ల లీజ్డ్ లైన్‌కి మారాను. డయల్ లేదు, మీటర్ లేదు, పొద్దున షట్టర్ ఎత్తేసరికే లైను ఉండేది. నా పొరపాటు ఎక్కడంటే, సొంత లైను అంటే వేగమైన లైను అనుకున్నాను. దానికి ఆరు కంప్యూటర్లు తగిలించాను. ఆరుగురూ కూర్చుంటే మనిషికి పదకొండు కిలోబిట్లు కూడా రాలేదు.

అందుకే ముందు నీ సరుకు ఎంతో లెక్కవెయ్యి. సీటీలో ఒక్కో బొమ్మ 512 బై 512 చుక్కలు, చుక్కకు రెండు బైట్లు, అంటే అర ఎంబీ. ఒక కేసుకు 400 బొమ్మలు అనుకుంటే 200 ఎంబీ. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ (సెకనుకు 10 మెగాబిట్లు; ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు) ఉంటే సుమారు రెండు నిమిషాల నలభై సెకన్లలో స్కాన్ చూసే హైదరాబాద్ డాక్టరు దగ్గరుంటుంది. రోజుకు ఇరవై కేసులకు ఇది ధారాళం. 100 ఎంబీపీఎస్ లీజ్డ్ లైన్ అంటగట్టాలని చూస్తే ఒప్పుకోకు.

బ్రాడ్‌బ్యాండ్ ఫైబర్ సంగతికొస్తే, ఎక్స్ఛేంజి నుంచి వచ్చే ఒక్క పోగును 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుస్తారు. రాత్రి ఎనిమిదింటికి అందరూ ఒకేసారి వాడితే నీ స్కాన్ కూడా ఆ వరసలోనే నిలబడాలి. లీజ్డ్ లైన్లో రానూపోనూ ఒకటే వేగం, నీ వాటా నీదే. దాన్ని మించి, చెడిపోతే ఎన్ని గంటల్లో బాగుచేస్తారో కాగితం మీద రాసిస్తారు. అద్దె అసలు ఇస్తున్నది దానికే నాయనా. మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చినవాడికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. స్కాన్ చూడందే ఏ డాక్టరూ ఆ సూది వెయ్యడు. ఆ వేళ లైను లేదని నువ్వు చెప్పే పరిస్థితి రాకూడదు.

కాబట్టి 10 ఎంబీపీఎస్ లీజ్డ్ లైన్ ఒకటి తీసుకో. తోడుగా ఆ వెయ్యి రూపాయల బ్రాడ్‌బ్యాండ్ వేరే కంపెనీది పెట్టు. ఒకటి పోతే రెండోదానికి దానంతటదే మారే రూటర్ దొరుకుతుంది, అది కొను. రూటర్‌కీ, ఫైబర్ డబ్బాకీ కూడా ఇన్వర్టర్ కనెక్షన్ ఇప్పించు; చాలామంది మెషీన్‌కి ఇచ్చి వీటిని మర్చిపోతారు. రెండు కేబుళ్లూ ఒకే స్తంభం మీద రాకుండా చూసుకో. నాకు ఒకసారి లారీ గుద్ది స్తంభం పడితే రెండు లైన్లూ ఒకేసారి పోయి, నాలుగు రోజులు సెంటర్ మూసుకున్నాను.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. కేబుళ్లు ఏ వీధిలోంచి వస్తున్నాయో ఇద్దరం నడిచి చూద్దాం. ఆ అగ్రిమెంటు కాగితాలు తీసి ఉంచు, నేను చదివేదాకా సంతకం పెట్టకు. మీ అమ్మతో చెప్పు, మధ్యాహ్నం భోజనం అక్కడే.

మీ మామయ్య