గొంతుతో బతకాలనుకుంటున్న మా అమ్మాయికి

విజయవాడ, సత్యనారాయణపురం

చిరంజీవి బంగారూ,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన వీడియోలన్నీ చూశాను. గొంతులు బాగా మారుస్తున్నావు, నవ్వొచ్చింది కూడా. హైదరాబాద్ వెళ్లి సీరియల్స్‌లో కామెడీ వేషాలు వేస్తానని, ఖాళీగా ఉన్నప్పుడు డబ్బింగ్ చెప్పుకుంటానని రాశావు. ఆ ‘ఖాళీగా ఉన్నప్పుడు’ దగ్గరే నాకు పేచీ. ముఖానికి వచ్చే పిలుపులు వయసుతో మారిపోతాయే. ముందు హీరోయిన్ స్నేహితురాలు, తర్వాత వదినగారు, తర్వాత గయ్యాళి అత్త. ఆ పైన ఫోన్ మోగడం మానేస్తుంది. గొంతుకు అంత తొందరగా వయసు రాదు. నేను ఈ వయసులో కూడా పదేళ్ల పిల్లాడికి డబ్బింగ్ చెబుతున్నానంటే మీ నాన్న నమ్మడు.

పిల్లల పాత్రలకు మనలాంటి పెద్ద ఆడవాళ్ల చేత చెప్పించడం మామూలే. మగపిల్లాడి గొంతు కొన్నేళ్లకు బొంగురుపోతుంది, మనది అలాగే ఉంటుంది. అమెరికాలో ‘ది సింప్సన్స్’ అనే కార్టూన్ సీరియల్ 1989లో మొదలైంది. అందులో బార్ట్ అనే పదేళ్ల అల్లరి పిల్లాడి గొంతు నాన్సీ కార్ట్‌రైట్ అనే ఆవిడది. ఆవిడ వెళ్లింది ఆ పిల్లాడి చెల్లెలు లీసా పాత్ర ఆడిషన్‌కి. తీరా అక్కడ పిల్లాడి పాత్ర ఎక్కువ నచ్చి, అది చదువుతానని అడిగింది. నువ్వూ అడగడం నేర్చుకో. నోరు మూసుకుని కూర్చుంటే ఇచ్చిందే వేషం.

ఇక నీ మిమిక్రీ సంగతి. అర నిమిషం వీడియోలో గొంతు నొక్కి కీచుగా మాట్లాడటం ఒక ఎత్తు, దాన్ని ఏళ్ల తరబడి మోయడం ఇంకో ఎత్తు. ఆడిషన్‌లో నచ్చిందంటే ఆ పాత్ర ఉన్నన్నాళ్లూ అదే గొంతు ఇవ్వాలి. జలుబు చేసినా అంతే, ఒకే పూట నాలుగు ఎపిసోడ్లు చెప్పాల్సొచ్చినా అంతే. అందుకని కొత్త గొంతు ఏది పట్టినా, ఆ గొంతులో పావుగంట ఆగకుండా న్యూస్‌పేపర్ చదువు. తర్వాత మామూలుగా మాట్లాడి చూడు. గొంతులో జీర వచ్చిందా, దాన్ని వదిలెయ్. నీ వీడియోల్లో ఆ కోడిపిల్ల గొంతు అలాంటిదే, చెప్పేస్తున్నా. ఆ చేపలమ్మే ముసలావిడ గొంతు మాత్రం అట్టేపెట్టుకో.

కామెడీ గురించి రెండు ముక్కలు. కాఫీలో ఉప్పు వేసిన అత్తగారు, “పంచదార డబ్బా మీద పంచదార అని రాయనిదెవరు?” అని అడిగే డైలాగును నువ్వు కళ్లెగరేసి, సాగదీసి అన్నావు. అక్కడ నవ్వేది నువ్వే. ఆవిడకి అది జోకని తెలియదమ్మా, నిజంగానే తెలుసుకోవాలని కోపంగా అడుగుతోంది. అలాగే అడుగు, మిగతాది ప్రేక్షకులు చూసుకుంటారు. సూర్యకాంతం గారు గయ్యాళితనం చేస్తున్నప్పుడు ఎక్కడైనా మనకు కన్నుగీటారా? పనిమనిషి వేషం ఇచ్చి శ్రీకాకుళం యాసలో చెప్పమంటారు చూడు, ఆ యాస మాట్లాడేవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోకుండా ఒప్పుకోకు. లావు మీద, రంగు మీద జోకులు కూడా వస్తాయి. ఎంతవరకు పడతావో ఇప్పుడే అనుకో, సెట్లో అందరి ముందూ అనుకోలేం.

నువ్వు హైదరాబాద్ వెళ్లేముందు ప్రయత్నించడానికి ఇక్కడ రేడియో ఉంది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది. పున్నమ్మతోటలోని ఆ స్టూడియోలోనే నాకు మైకంటే ఏమిటో తెలిసింది. నాటకాలకు ఆడిషన్ ప్రకటన పడితే తప్పకుండా అప్లై చెయ్యి, పాసైతే ఆర్టిస్టుగా నీ స్థాయిని బట్టి గ్రేడు ఇస్తారు. పేజీ చప్పుడు కాకుండా తిప్పడం, గాజులు తీసి లోపలికెళ్లడం, ‘ప’, ‘భ’లు మైకు మీద గాలి ఊదినట్టు కాకుండా కాస్త పక్కకు తిరిగి చెప్పడం అక్కడే ఒంటబడతాయి. ఏదో ఒకటి తిని వెళ్లు, కడుపు గుర్రుమంటే అది కూడా రికార్డవుతుంది! మన తెనాలి వైపు జగ్గయ్య గారు ఢిల్లీ రేడియోలో తెలుగు వార్తలు చదివినవారే. తర్వాత శివాజీ గణేశన్‌కు తెలుగులో గొంతు ఇచ్చారు. ఇప్పటివాళ్లలో మీ గుంటూరులో పుట్టిన సునీత లేదూ, పాటలు పాడుతూనే ఎంతమంది హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పింది!

డబ్బింగ్‌లో అసలు కష్టం పెదాలతో. తెర మీద మనిషి పెదాలు మూసి మాట ముగించిందనుకో, నీ కాగితం మీద “ఎందుకొచ్చావ్ ఇక్కడికి” అని ఉంటే నోరు తెరిచే ఉంటుంది, కుదరదు. “ఇక్కడికి ఎందుకొచ్చావమ్మ్” అని అక్కడికక్కడే మార్చుకోవాలి. ‘ప, బ, మ’ ఎక్కడ పడుతున్నాయో ముందు సౌండ్ కట్టేసి పెదాలు చూసి పట్టుకో. రోజూ రాత్రి ఒక తమిళ సీరియల్ పెట్టుకుని ప్రాక్టీస్ చెయ్యి, అర్థం తెలియకపోతే మరీ మంచిది.

డబ్బు విషయం మొహమాటపడకుండా మాట్లాడు. ఎపిసోడ్‌కి ఎంత, ఎప్పుడిస్తారు, రీటేక్‌కి మళ్లీ పిలిస్తే లెక్కేమిటి, ఇవన్నీ మెసేజ్‌లో తెప్పించుకో. ఒక సంస్థ నాకు ఇప్పటికీ బాకీ, అడిగితే ‘అకౌంట్స్ చూస్తున్నారు అక్కా’ అంటారు. టైటిల్స్‌లో డబ్బింగ్ వాళ్ల పేరు పడకపోవచ్చు, దానికి ఏడవకు.

ఇల్లు ఇప్పుడే అద్దెకు తీసుకోవద్దు. గుంటూరు నుంచి గోల్కొండ ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్ దాకా ఉంది, ఆడిషన్లకు వెళ్లి రా. మీ నాన్న టెన్షన్ సంగతి నాకొదిలెయ్, ఆదివారం ఫోన్ చేసి మాట్లాడతాను.

ఈలోగా ఆ ముసలావిడ గొంతు ఒక్కటే మళ్లీ రికార్డు చేసి పంపు. ఈసారి పరుపులూ దుప్పట్లూ ఉన్న గదిలో, ఫ్యాన్ కట్టేసి, తలుపు వేసుకుని చెయ్యి. పోయినసారి దాంట్లో నీకన్నా మీ అమ్మ కుక్కరే స్పష్టంగా చెప్పింది.

మీ పెద్దమ్మ